మూడో చుక్క

పోయినవారం భోజనాల బల్ల మీద పడ్డ మాట ఇంకా అక్కడే ఉంది. కంచాలు తీశారు, బల్ల తుడిచారు, గ్లాసులు బోర్లించారు. మాటని మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అన్నది పెద్దకోడలు. పడింది చిన్నకోడలు. ఇంట్లో తోడికోడళ్ళు, ప్రయోగశాలలో పక్కపక్క బల్లలవాళ్ళు. ఆ ప్రయోగశాలకి పెద్ద వాళ్ళ మామగారే. అందుచేత ఇంట్లో చల్లారని గొడవ ప్రయోగశాలకీ, అక్కడ తెగని తగువు ఇంటికీ వాళ్ళతోపాటే ఒకే కారులో తిరుగుతుండేది.

పెద్దకోడలిది గింజల పని. చిక్కుడుగింజ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ గట్టి పిండం. తిన్నదాన్ని ముక్కలు చెయ్యడానికి మన పొట్టలో ఎంజైములని కత్తెరల్లాంటివి ఉంటాయి. తనని మింగినవాడి కత్తెర తన మీద ఆడకుండా గింజ ఒక ప్రోటీన్‌ని లోపల దాచుకుంటుంది. అది పోయి కత్తెర నోట్లో ఇరుక్కుందంటే కత్తెర ఇంక ఆడదు. పచ్చిగింజలు తిన్నవాడు పొట్ట పట్టుకు తిరిగేది అందుకే. ఆ ప్రోటీన్‌ని పిండిలోంచి విడదీసి, వడగట్టి, మచ్చ లేకుండా సీసాకి ఎత్తడంలో పెద్దకోడలి చెయ్యి పెట్టింది పేరు. ఆ సంగతి అందరికంటే ముందు పెద్దకోడలికి తెలుసు.

చిన్నకోడలిది జలగల పని. జలగ తాగిన రక్తం దాని పొట్టలో నెలల తరబడి గడ్డకట్టదు. రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైము ఇంకొకటుంది. జలగ దాని నోరు ఒక ప్రోటీన్‌తో నొక్కేస్తుంది. గింజది పొట్ట దారి, జలగది రక్తం దారి. ఇది ఇంట్లో అత్తగారికి కూడా కంఠోపాఠమే.

అలాంటిది, చిన్నకోడలు తీసిన జలగసారం ఒకనాడు పొట్టలో కత్తెరని కూడా ఆపేసింది. రెండు దారులూ ఒకే పురుగు కాపలా కాస్తోందని ఆ పిల్ల సంబరపడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చల్లని అలమారాలో ఉన్న పెద్దకోడలి సీసా మూతకి చుట్టిన మైనం పగిలి కనబడింది. ఒకటీ ఒకటీ కలిపితే రెండని ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ రోజు భోజనాల దగ్గర కంచంలోకే చూస్తూ, "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిజమే" అంది. చిన్నకోడలు సగం తిన్న కంచం దగ్గర్నుంచి లేచిపోయింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నెవరన్నారమ్మా?" అని అత్తగారు ఆ వెళ్ళే వీపుకి ఇంకో మాట తగిలించింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. చిన్నకోడలు ఏడవలేదు. వారమంతా వీపు నిటారుగా పెట్టుకుని తిరిగింది. మొగుడు "పోనీ, అన్నయ్యతో నేను మాట్లాడనా?" అంటే, "మీ అన్నదమ్ములు మాట్లాడుకుంటే రాజీ అవుతుంది. నాకు రాజీ అక్కర్లేదు, నిజం కావాలి" అని అతని నోరు కట్టేసింది.

ఇవాళ ఆ నిజం తేల్చడానికే ప్రయోగశాలలో నలుగురు నిలబడ్డారు.

నాలుగో మనిషి ఆపరేషన్ల డాక్టరు. మామగారి దగ్గర ఒకప్పుడు చదువుకున్నవాడు. ఎంత పెద్దవాడైనా ఈ గుమ్మంలోకి రాగానే చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తాడు. క్లోమం అని పొట్టలో కత్తెరలు తయారయ్యే చోటొకటుంది. ఒక్కోసారి ఆ కత్తెరలు పేగులోకి దిగకముందే తెరుచుకుని, తమని కన్న క్లోమాన్నే కోసుకుంటూ పోతాయి. అలాంటి రోగుల్ని చేతులు కట్టుకుని చూస్తూ ఉండలేక ఆయన ఈ ఇద్దరు ఆడవాళ్ళ సీసాల మీద ఆశ పెట్టుకున్నాడు. ముందు జంతువుల మీద చూడాలి, ఆ తర్వాత మనుషుల మాట. ఏ సీసాతో మొదలెట్టాలో ఇవాళ తేల్చుకుని పోదామని, మంచుపెట్టెలో అలాంటి ఒక రోగి క్లోమరసం కూడా పట్టుకొచ్చాడు. రాగానే మొహాలు చూసి, ఇది సీసాల పంచాయితీ ఒక్కటే కాదని గ్రహించి, కిటికీ పక్కన కుర్చీ వెతుక్కున్నాడు.

మామగారు కోటు గుండీలు పెట్టుకుని తీర్పు ముందే చెప్పేశారు. జలగలో నిజంగా ఆ గుణం ఉంటే చిన్నకోడలి బల్ల ఆమెదే. లేకపోతే, గింజసారం కలిపి జలగ పేరు పెట్టినట్టే లెక్క, సాయంత్రంలోగా బల్ల ఖాళీ చెయ్యాలి.

"దొంగసొత్తుతో పేరు తెచ్చుకునేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు" అన్నారాయన. "కోడలైనా సరే. కోడలైతే మరీను."

చిన్నకోడలు తలాడించింది. తన సీసా తీసి బల్ల మీద పెట్టలేదు. కోటు కూడా వేసుకోలేదు.

"నా సీసా వద్దు మామయ్యగారూ. దాని మీద అనుమానం పడింది కదా, అది ఏం చెప్పినా సాక్ష్యం కాదు. బతికున్న జలగతో మొదట్నుంచీ చెయ్యాలి. నేను చేస్తే నా చేతి మీద అనుమానం. అందుకని అక్క చేస్తుంది."

పెద్దకోడలు తలెత్తింది. ఈ ఎత్తు ఆవిడ ఊహించలేదు. జలగల తొట్టి ఉన్న గదిలోకి ఆవిడ అడుగుపెట్టిన రోజు లేదు. గది ముందునుంచి పోవాల్సొస్తే ఆ వైపు కొంగు అడ్డం పెట్టుకుని పోతుంది. ఆ సంగతి ప్రయోగశాలలో గోడలక్కూడా తెలుసు.

"నేనా?" అంది.

"ఈ ఇంట్లో నీ చేతికి వంక పెట్టేవాళ్ళు లేరు కదక్కా" అంది చిన్నకోడలు. అందులో వెటకారం పాలెంతో, నిజం పాలెంతో అన్నదానికే తెలియదు. "నా చెయ్యి దేనికీ తగలదు. చూడు." రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక మణికట్టుని ఇంకో చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడింది.

పెద్దకోడలు వెనక్కి తగ్గే మనిషైతే కథే లేదు. జుట్టు బిగించి ముడేసుకుని జలగల గదిలోకి నడిచింది.

తొట్టిలో జలగలు అద్దాన్ని పట్టుకుని నల్లటి కామాల్లా వేలాడుతున్నాయి. నెలల తరబడి పస్తు పెట్టినవి. మనిషి నీడ పడగానే ఒక్కొక్కటీ సాగి నీళ్ళ మీదికి లేచాయి. పెద్దకోడలు చేతితొడుగులు వేసుకుని ఒకదాన్ని పట్టుకుంది. జారింది. ఇంకోదాన్ని పట్టుకుంది. అదీ జారింది. సబ్బుముక్కతో సరసమాడినట్టు కాసేపు ఆ తొట్టితో పోరాడి, విసుగొచ్చి తొడుగులు పీకి పక్కన పారేసి, పళ్ళు బిగబట్టి వట్టి చేత్తోనే ఒకదాన్ని తీసింది. తీసినంతసేపు పట్టలేదు, అదే ఆవిడ బొటనవేలు పట్టుకుంది.

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. మామగారు ఉప్పు, ఉప్పు అన్నారు.

"ఉప్పేస్తే అది కక్కుతుంది" అంది చిన్నకోడలు గోడ దగ్గర్నుంచే. "అక్కా, లాగకు. నోరు పక్కన గోరు పెట్టి మెల్లిగా నెట్టు. ఆ, అలా. ఇప్పుడు తోక వైపు."

జలగ ఊడింది. పెద్దకోడలి మొహం తెల్లగా పాలిపోయింది గానీ నోట్లోంచి కేక రాలేదు. దాన్ని తొట్టిలోకి వదిలేసి, బొటనవేలి మీద పడుతున్న రక్తాన్ని చూసుకుని, "ఇది నా రక్తం రుచి చూసింది, పనికిరాదు. ఇంకోటి కావాలి" అంది.

చిన్నకోడలు ఆ మాటకి లోపల్లోపల ఒక దండం పెట్టుకుంది. మనిషి రక్తంలో కూడా ఈ కత్తెరల్ని ఆపే ప్రోటీన్ ఉంటుంది. లేకపోతే మనల్ని మనమే అరిగించేసుకుందుము. రక్తం తాగిన జలగని నూరితే, ఆపింది జలగో మనిషో ఎవరికీ తెలియదు. వేలు కొరికించుకుని కూడా ఆ సంగతి మర్చిపోని మనిషి చేతికి తను పరీక్ష అప్పజెప్పింది. తగిన చేతికే అప్పజెప్పింది.

పెద్దకోడలు వేలికి దూది పెట్టి, గుడ్డ చుట్టి, దాని మీద కొత్త తొడుగు వేసుకుని, ఈసారి పట్టకారుతో రెండు పస్తు జలగల్ని తీసి మంచులో పెట్టింది. అవి కదలిక మానేసి నిద్రపోయాయి. తన బల్ల దగ్గరికొచ్చి, అలవాటు చొప్పున చెయ్యి చాపి, ఎప్పుడూ వాడే పింగాణీ కల్వం ముందుకు లాక్కుంది. జలగల్ని అందులోకి జారవిడవబోయింది.

సరిగ్గా అప్పుడు చిన్నకోడలి చూపు ఆ కల్వం మీద పడింది.

ఆ కల్వం ఇన్నేళ్ళుగా గింజలు నూరిన కల్వం. అడుగునంతా సన్నటి గీతలు. కడిగితే తళతళలాడుతుంది గానీ, ఆ గీతల్లో గింజ ప్రోటీన్ మిగిలి ఉంటే? అది కడిగే ఉడుకునీళ్ళకి చచ్చే రకం కాదు, గంటల తరబడి ఉడికించాలి. అందులో జలగని నూరితే, జలగలో గుణం ఉన్నా లేకపోయినా కత్తెర ఆగిపోతుంది. తను గెలుస్తుంది. అనుమానించిన మనిషే, తన చేత్తోనే, తన కల్వంలోనే గెలిపిస్తుంది. నోరు తెరవకపోతే చాలు.

ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. మొదటిది తీపి, రెండోది చేదు. మొదటిసారి ఆ గుణం కనబడిన రోజున తన కల్వం పగిలిపోయింది. పక్క బల్ల మీది కల్వం తీసుకుని నూరింది. ఇదే కల్వం. అంటే తను దొంగిలించలేదు, నిజమే. కానీ తను కనిపెట్టిందేమిటి? జలగ గుణమా, అక్క కల్వం గీతలా? ఇన్నాళ్ళూ గుండెల మీద పెట్టుకు తిరిగిన ఆ కొత్త సంగతి ఒట్టి అంట్ల మురికే కావచ్చు.

చెప్తే బల్ల పోవచ్చు, పేరు పోవచ్చు. చెప్పకపోతే రెండూ ఉంటాయి. చేతులు వెనక ఉన్నాయి, ఎవరూ తన వైపు చూడటం లేదు.

"అక్కా, ఆ కల్వం వద్దు."

పెద్దకోడలి చెయ్యి గాల్లో ఆగింది.

"అందులో నీ గింజ ఉంటుంది" అంది చిన్నకోడలు. గొంతు మామూలుగానే ఉంది, అదే ఆమెకి గర్వంగా అనిపించింది. "కొత్తది తీసుకో. ఇంకో మాట కూడా చెప్పాలి. నేను మొదటిసారి నూరింది అందులోనే. అందుకని నా సీసాలో ఉన్నది నీ గింజే కావచ్చు. నేను పొయ్యలేదు, కానీ ఉండొచ్చు."

మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. డాక్టరు చిన్నకోడలి వైపు కాదు, ఆ కల్వం వైపు చూశాడు, అది తన చెయ్యి జారిపోయిన రోగిలా.

పెద్దకోడలు జలగల్ని మళ్ళీ మంచులో పెట్టేసింది. కల్వాన్ని వెలుతురుకి వంచి అడుగున గీతల్ని వేలితో తడిమింది. ఆ గీతలు ఎప్పుడూ ఉన్నవే. తన ముక్కు కింద మసిలా ఇన్నాళ్ళూ తనకే కనబడలేదు. సామాన్ల గదిలోకి వెళ్ళి, అట్టపెట్టె చించి, గడ్డి కూడా దులపని కొత్త కల్వం తెచ్చుకుంది. కొత్త పొత్రం, కొత్త గాజుగొట్టాలు. ఒక్కొక్కటి బల్ల మీద పెడుతుంటే చప్పుడు కాస్త గట్టిగానే వచ్చింది. కోపం ఎవరి మీదో ఆ చప్పుడుకే తెలియాలి.

తర్వాతి పనంతా చిన్నకోడలు కన్నార్పకుండా చూసింది. ఇన్నేళ్ళు పక్క బల్ల దగ్గరే ఉండి ఎప్పుడూ చూడలేదు, పోటీపడే చూపుకి పనితనం ఆనదు. నూరేటప్పుడు ఆ మణికట్టు తిరిగే తీరు, ఒక్క చుక్క అంచుకి అంటకుండా వంపడం, గొట్టాన్ని వెలుతురుకి పట్టి పైన తేరిన నీటిని మాత్రమే పీల్చడం. చూస్తూ చూస్తూ, ఇలాంటి మనిషి నన్ను అనుమానించిందంటే అది కూడా ఒక మర్యాదే అనుకుంది. చేతకానివాళ్ళని ఎవరూ దొంగలనరు, దద్దమ్మలంటారు.

ఆఖరికి ఎక్స్‌రే ఫిల్ము ముక్క బల్ల మీదికి వచ్చింది. ఆసుపత్రిలో పనికిరాక పక్కన పడేసినదే. దాని మీది నల్లటి పూతలో జిగురులాంటి ప్రోటీన్ ఉంటుంది. కత్తెర చుక్క పడ్డచోట ఆ పూత కరిగిపోతుంది, కడిగితే కిటికీలాంటి గుండ్రటి కంత పడుతుంది. కత్తెరని ఏదైనా ఆపితే నలుపు నలుపుగానే ఉంటుంది. చదువు రానివాడు కూడా చదవగలిగే పరీక్ష.

పెద్దకోడలు వరసగా చుక్కలు పెడుతూ చెప్పింది. మొదటిది వట్టి నీళ్ళు. రెండోది డాక్టరు తెచ్చిన క్లోమరసం. మూడోది అదే రసంలో తన గింజసారం కలిపింది. నాలుగోది అదే రసంలో ఇప్పుడు నూరిన జలగసారం కలిపింది.

మూడోదాని కోసం ఆవిడ చల్లని అలమారా తాళం తీస్తుంటే మామగారు అడ్డొచ్చారు. "గింజ సంగతి తేలిందేగా పెద్దమ్మాయ్, దాన్ని మళ్ళీ పెట్టడమెందుకు? జలగ ఒక్కటి చాలు."

"తూకానికి రెండు పళ్ళేలూ ఉండాలి మామయ్యగారూ" అని ఆవిడ సీసా తీసింది. చీటీ మీద తన చేతిరాత, మూత చుట్టూ పగిలిన మైనం.

ఫిల్ముని వెచ్చటి పెట్టెలో పెట్టి తలుపు వేశాక చెయ్యడానికి పనేమీ లేదు. మామగారు డాక్టరుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆసుపత్రి కబుర్లు మొదలెట్టారు. తోడికోడళ్ళిద్దరే పెట్టె ముందు మిగిలారు. పెద్దకోడలు తొడుగు విప్పింది. బొటనవేలి గుడ్డ ఎర్రగా తడిసిపోయి ఉంది.

"ఇది ఆగదా?" అంది.

"ఆగుతుంది. సాయంత్రానికి. అది నా జలగ పనే, గడ్డకట్టనివ్వదు" అంది చిన్నకోడలు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. "కొత్త దూది పెట్టుకో. నేను పెడదామంటే ముట్టుకోనని అన్నాను కదా."

పెద్దకోడలి మూతి ఒక పక్కకి వంగింది, నవ్వు కాబోయి ఆగినట్టు. దూది తనే మార్చుకుంది. పళ్ళతో గుడ్డ ముడి బిగిస్తూ, కింది గొంతుతో అడిగింది.

"ఎందుకు చెప్పావు? ఊరుకుంటే గెలిచేదానివి."

"నీ కల్వంలో గెలిస్తే నీ గింజ గెలిచినట్టక్కా. నా జలగ కాదు."

"బల్ల పోతే?"

"బల్ల ఇంకోచోట దొరుకుతుంది. ఇక్కడ నీ పక్కన నిలబడి, లోపల నాకే తెలిసిన అబద్ధం పెట్టుకుని, రోజూ ఒకే కారులో తిరగడం నావల్ల కాదు."

పెద్దకోడలు తడిసిన పాత దూదిని చెత్తబుట్టలో వేసింది. తర్వాత అంది: "నలుపు నిలవకపోతే నేను ఏడవను. నిలిస్తే మాత్రం అందరి ముందూ చెప్తాను. ఆ రోజు బల్ల మీద పడేసింది నేనే, ఎత్తేదీ నేనే."

"సరే" అంది చిన్నకోడలు.

పెట్టె తీసే వేళకి నలుగురూ దగ్గరికొచ్చారు. పెద్దకోడలు ఫిల్ముని పట్టకారుతో తీసి నీళ్ళధార కింద పట్టింది. కరిగిన పూత బూడిదరంగు దారంలా జారిపోయింది. నీళ్ళు దులిపి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కిటికీ వెలుతురుకి ఎదురుగా పైకెత్తింది.

చిన్నకోడలు ముందు కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, నాలుగోదాని వైపు చూసింది.

నలుపు. గుండుసూది మొనంత కంత కూడా లేదు. చిక్కటి నలుపు.

జలగ మన పొట్టలోని కత్తెరని ఆపింది. కొత్త కల్వంలో, పరాయి చేతిలో, పస్తుతో ఉన్న జలగ తన సొంత బలంతో ఆపింది. ఆ చిన్నదానికి రెండు దారులూ తెలుసు. తను అబద్ధం ఆడలేదు. తను పొరపడలేదు కూడా. మొదటిదానికంటే ఆ రెండోది ఎక్కువ మత్తెక్కించింది. గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది, వెనక మణికట్టు మీద పట్టు దానంతట అదే సడలింది.

అప్పుడు చూసింది. ఫిల్ము మీద ఒకటోది నలుపు, రెండోది కంత, నాలుగోది నలుపు. మూడోది కనబడటం లేదు. దాని మీద పెద్దకోడలి బొటనవేలుంది. ఎర్ర మరక పడ్డ గుడ్డ చుట్టిన లావాటి బొటనవేలు. అంచు దగ్గర పట్టుకున్న వేలు లోపలికి జరిగి, చుక్క మీద సరిగ్గా మూతలా కూర్చుంది. గుడ్డ పక్కనుంచి సన్నటి చంద్రవంకలా వెలుతురు.

వెలుతురు రాకూడదు. మూడోది గింజసారం కలిపిన చుక్క. నల్లగా ఉండాలి.

కిటికీ వైపునున్న మగవాళ్ళకి నాలుగోది తప్ప ఇంకేమీ పట్టలేదు. డాక్టరు అప్పుడే "శభాష్" అంటున్నాడు. మామగారు చెయ్యి చాచి, "ఏదీ, ఇలా ఇవ్వు పెద్దమ్మాయ్. తేలిపోయింది కదా, ఇంక చాలు" అన్నారు.

తోడికోడళ్ళ కళ్ళు కలిశాయి. సామెతలో నవ్వాల్సిన తోడికోడలి వంతు ఇప్పుడు చిన్నకోడలికి వచ్చింది. ఇన్నేళ్ళ పేరు, ఆ చేతికి వంక లేదన్న పేరు, ఆ బొటనవేలి కింద కంతై కూర్చుంది. నవ్వితే చాలు. వేలెత్తి చూపిస్తే చాలు.

చిన్నకోడలు నవ్వలేదు. నోరూ తెరవలేదు. కళ్ళు దించుకుని నేల వైపు చూసింది, అది నీ ఇష్టం అక్కా అన్నట్టు.

పెద్దకోడలు ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి ఎంత పొడుగో అక్కడున్న ఇద్దరు ఆడవాళ్ళకే తెలుసు.

"ఇంకా తేలలేదు మామయ్యగారూ" అంది. "ముందు నా బాకీ తీర్చుకోనివ్వండి. మా చెల్లి దొంగ కాదు. జలగలో ఆ గుణం ఉంది. నా చేత్తో నేనే చూశాను కాబట్టి ఇంక ఎవరూ మాట్లాడక్కర్లేదు. ఇంటి దగ్గర అత్తయ్యగారికి కూడా నేనే చెప్తాను."

చెల్లి అన్న మాట ఆవిడ నోటివెంట ఇదే మొదలు. ఆ మాటకి చిన్నకోడలి చేతులు వెనకనుంచి ముందుకొచ్చేశాయి, ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఇప్పుడిది చూడండి" అని పెద్దకోడలు బొటనవేలు తీసేసింది.

మూడో చుక్క ఉండాల్సిన చోట గుండ్రటి కంత. అందులోంచి కిటికీ, కిటికీ అవతలి ఆకాశం, శుభ్రంగా కనబడ్డాయి. ఆవిడ ఫిల్ముని దించలేదు. అది తన పరువు కాదు, ఎవరో దారి తప్పి తన చేతిలో పెట్టిన వస్తువు అన్నట్టు, మెడ నిటారుగా పెట్టి అలాగే పైకెత్తి పట్టుకుంది.

డాక్టరు దగ్గరికొచ్చి వంగి చూశాడు. గింజసారం పాడైపోయిందేమో, చల్లదనం చాల్లేదేమోనని నసిగాడు. మామగారు వెంటనే అందుకున్నారు. అదే అయ్యుంటుంది, పాత సరుకు, పారబోసి కొత్తగా తియ్యండి అన్నారు.

"ఉడుకునీళ్ళకే చావనిది మంచులో చస్తుందా?" అంది చిన్నకోడలు. చేతులకి విడుదల దొరికింది కదా, పోయి ఆ సీసా అందుకుంది. అందుకుని ఆగి, పెద్దకోడలి వైపు చూసింది. "పట్టుకోనా అక్కా?"

"పట్టుకో. ఊపు."

చిన్నకోడలు ఊపింది. ప్రోటీన్ ఉన్న నీళ్ళని ఊపితే నురగ కడుతుంది, గుడ్డుసొన గిలక్కొట్టినట్టు. ఆ నురగ గంటలకొద్దీ దిగదు. ఈ సీసాలో నాలుగు బుడగలు లేచాయి, లేచినవి లేచినట్టే పగిలిపోయాయి. ఇద్దరూ ఆ సీసా మీదికి తలలు వంచారు. మళ్ళీ ఊపింది. మళ్ళీ అంతే.

"నీళ్ళు" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు సీసా తీసుకుని చీటీ మీద తన రాతని చదువుకుంది, పగిలిన మైనం మీద గోరు పెట్టి చూసింది.

"చీటీ నాదే" అంది. "లోపలున్నది నాది కాదు. కొంచెం తీసి ఊరుకోలేదు. అంతా తీసుకుపోయి, మట్టం తగ్గకుండా నీళ్ళు పోసిపెట్టారు."

అంటే ఇంటిదొంగ ఉన్న మాట నిజమే. ఈ బల్ల దగ్గర మాత్రం కాదు. చిన్నకోడలి చూపు చల్లని అలమారా మీదికి పోయింది. తలుపు తెరిచే ఉంది, తాళానికి పెద్దకోడలి తాళంచెవి వేలాడుతోంది. తన తాళంచెవి మెడలో గొలుసుకి ఉంది, చన్నీళ్ళంత చల్లగా చర్మానికి తగులుతోంది. ఆ అలమారాకి తాళంచెవులు మూడే చేయించారు. మూడోది ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు.

ఇద్దరూ ఒక్కసారే తలలు తిప్పారు.

కిటికీ దగ్గర మామగారు డాక్టరుతో ఏదో చెబుతూనే ఉన్నారు, మాట ఎక్కడా తడబడలేదు. చెయ్యి మాత్రం ఆయన మాట వినకుండా కోటు మీదుగా కిందికి జారి, కుడి జేబు మీద మూతలా బోర్లా పడుకుంది. ఈసారి తడుముకున్నది భుజం కాదు.